శిక్షలో ఉన్నప్పుడు స్తుతించగలమా?

ధ్యాన వాక్యభాగములు: హెబ్రీయులకు 12:5-11, 2 సమూయేలు 12:1-25, యెషయా 12:1-2



ఇక్కడ కమ్మింగ్‌లో గానీ, పక్కనే ఉన్న ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్, సువానీలలో గానీ తెలుగువారు ప్రార్థనకు కూడుకున్నప్పుడు సాక్ష్యాల సమయం ఒకటి తప్పకుండా ఉంటుంది. ఉద్యోగం దొరికింది, స్తోత్రం. వీసా స్టాంపింగ్ అయ్యింది, స్తోత్రం. ఇల్లు కొన్నాం, అమ్మకు ఆపరేషన్ బాగా జరిగింది, స్తోత్రం. ఇవన్నీ చెప్పవలసినవే, దేవునికి మహిమ కలగవలసినవే. అయితే ఒక రకమైన సాక్ష్యం మాత్రం మనం చాలా అరుదుగా వింటాం. "ఈ నెల ప్రభువు నన్ను గద్దిస్తున్నాడు. నేను దాచుకున్నదాన్ని బయటికి తీస్తున్నాడు. నొప్పిగా ఉంది, కానీ ఆయనను స్తుతిస్తున్నాను" అని ఎవరూ మైకు అందుకోరు.

దేవుడు ఇచ్చినప్పుడు స్తుతించడం మనకు వచ్చు. దేవుడు తీసుకున్నప్పుడు స్తుతించిన యోబు గురించి కూడా ప్రసంగాలు విన్నాం. మరి దేవుడు దిద్దుతున్నప్పుడు? తప్పు మనదే అని మనకు తెలిసినప్పుడు? యోబు నిర్దోషి గనుక తలెత్తి స్తుతించాడు. తల దించుకున్నవాడు ఏ ముఖంతో స్తుతించాలి? ఆదివారం ఆరాధనలో నోరు తెరవలేక వెనుక వరుసలో కూర్చుంటున్నవారిలో కొందరిది ఈ ప్రశ్నే. ఈ పాఠం ముఖ్యంగా వారి కోసం.

1. "శిక్ష" అనే మాటలో ఏముంది?

హెబ్రీ పత్రిక 12:5లో రచయిత సామెతలు 3:11-12ను గుర్తుచేస్తూ మనం చేసే రెండు పొరపాట్లను చూపిస్తాడు. ఒకటి ప్రభువు శిక్షను తేలికగా తీసుకోవడం, రెండోది ఆ గద్దింపుకు విసిగి కూలబడిపోవడం. మొదటివాడు "ఏమీ కాలేదు" అని గట్టిగా పాడతాడు. రెండోవాడు "అంతా అయిపోయింది" అని పాడటమే మానేస్తాడు. ఇద్దరూ అసలు పాఠం నేర్చుకోరు.

మన తెలుగు బైబిలులో ఇక్కడ వాడిన మాట "శిక్ష". ఆ మాట వినగానే మనకు కోర్టు, జైలు, బెత్తం గుర్తొస్తాయి. కానీ ఈ మాటకు మన భాషలోనే ఇంకో ముఖం ఉంది. మన అమ్మమ్మలూ తాతయ్యలూ అక్షరాలు దిద్దిన పుస్తకం పేరు పెద్దబాలశిక్ష. అందులో శిక్ష అంటే దండన కాదు, చదువు. శిక్షణ, శిక్షకుడు అనే మాటలు అక్కడి నుండి వచ్చినవే. గలతీ 3:24లో ధర్మశాస్త్రాన్ని మన బైబిలు "బాలశిక్షకుడు" అని పిలిచింది.

గ్రీకు మూలంలో కూడా అంతే. హెబ్రీ 12లో ఉన్న పైదేయా అనే మాట "పిల్లవాడు" అనే మాట నుండి వచ్చింది. బిడ్డను పెంచి, నేర్పి, దిద్ది, మనిషిని చేసే మొత్తం పనికి అది పేరు. అపొస్తలుల కార్యములు 7:22లో మోషే ఐగుప్తులో విద్య నేర్చాడని చెప్పడానికి వాడిన క్రియ ఇదే కుటుంబానిది. 2 తిమోతి 3:16లో లేఖనం నీతిలో శిక్ష చేయడానికి ప్రయోజనకరమని పౌలు చెప్పిన చోట కూడా ఇదే మాట. అంటే, మీరు ప్రతి ఉదయం బైబిలు తెరిచిన ప్రతిసారీ ఈ శిక్ష కిందకు ఇష్టపూర్వకంగా వస్తున్నారన్నమాట.

గనుక మొదట ఈ సంగతి స్థిరపరచుకుందాం. న్యాయాధిపతి శిక్ష వేస్తే ఫైలు మూసేస్తాడు. తండ్రి శిక్షిస్తే బిడ్డతో పని ఇంకా మిగిలి ఉందని అర్థం.

2. దండన ఎవరి మీద పడింది?

"నేను చేసినదానికి దేవుడు పగ తీర్చుకుంటున్నాడు" అని అనుకునేవాడు స్తుతించలేడు, భయపడగలడు అంతే. గనుక ఈ విషయంలో మన పునాది సువార్త కావాలి.

సామెతలు 3:11లో శిక్ష అని ఉన్న చోట హెబ్రీ మాట మూసార్. ఇదే మాట యెషయా 53:5లో కూడా ఉంది. మనకు సమాధానం కలగడానికి పడవలసిన శిక్ష ఆ బాధపడే సేవకుని మీద పడిందని ప్రవక్త అక్కడ చెబుతున్నాడు. రెండు చోట్లా ఒకే మాట. అయితే సిలువ మీద ప్రభువు మోసింది మన పాపానికి తగిన దండన. ఆయన దాన్ని పూర్తిగా మోశాడు, వాయిదాల్లో మన కోసం ఏమీ మిగల్చలేదు. అందుకే రోమా 8:1 క్రీస్తులో ఉన్నవారికి ఇక శిక్షావిధి లేదని ధైర్యంగా ప్రకటిస్తుంది. మనకు మిగిలింది తండ్రి ఇంట్లో పెంపకం.

యెషయా 12:1ని ఈ వెలుగులో చదవండి. విమోచింపబడిన ప్రజలు పాడబోయే పాట అది. ప్రభువు తమ మీద కోపపడ్డాడని వారు దాచరు. ఆ కోపం చల్లారిందనీ, ఇప్పుడు ఆయనే తమను ఆదరిస్తున్నాడనీ కృతజ్ఞత చెబుతారు. కోపం సంగతి కూడా స్తుతిలో భాగమైంది! మన స్తుతి ఆరాధనల్లో మనం సాధారణంగా వదిలేసే చరణం ఇదే.

3. ప్రతి శ్రమా శిక్ష కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ పాఠాన్ని పట్టుకుని మనం ఎవరి ఇంటికీ యోబు స్నేహితుల్లా వెళ్లకూడదు. ఒక కంపెనీ ఖర్చులు తగ్గించుకోవాలని ఒకే ఉదయం వందలమందికి ఈమెయిల్ పంపితే, అందులో ఒక విశ్వాసి పేరు ఉంటే, హెచ్-1బి మీద ఉన్న ఆ కుటుంబానికి 60 రోజుల గడువు మొదలైతే, వారికి మొదట కావలసింది రెఫరల్స్, భోజనం, ప్రార్థన. "ఏదో కారణం ఉంటుంది బ్రదర్, పరీక్షించుకోండి" అనే మాట కాదు. పుట్టుగుడ్డివాని విషయంలో ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే (యోహాను 9:2-3), ప్రభువు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు.

మరి మన సొంత విషయంలో ఎలా గుర్తుపట్టాలి? సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న మనలో చాలామందికి కోడ్ రివ్యూ అలవాటే. మంచి సీనియర్ రివ్యూ చేస్తే ఫలానా ఫైలులో ఫలానా లైను దగ్గర కామెంట్ పెడతాడు. ఇక్కడ ఇన్‌పుట్ సరిచూడలేదు, ప్రొడక్షన్‌లో ఇది పగిలిపోతుంది, ఇలా మార్చు అంటాడు. చదివితే చురుక్కుమంటుంది గానీ ఏం చేయాలో తెలుస్తుంది. "ఇదంతా చెత్త, నీకు ఈ పని రాదు" అనేవాడు రివ్యూ చేయడం లేదు, అవమానిస్తున్నాడు.

పరిశుద్ధాత్మ గద్దింపు మొదటి రకం. ఆయన పేరు పెట్టి చూపిస్తాడు: ఆ అబద్ధం, ఆ కక్ష, రాత్రివేళ ఫోనులో ఆ అలవాటు, తమ్ముడితో ఆ ఆస్తి తగాదా. చూపించి, తిరిగి వచ్చే దారి కూడా చూపిస్తాడు. అపవాది నేరారోపణ రెండో రకం. అది మసకగా ఉంటుంది, మొత్తం మనిషినే కొట్టిపారేస్తుంది, దారి చూపించదు. కీర్తన 139:23-24లోని ప్రార్థన చేసి నెమ్మదిగా కనిపెట్టినా మీకు ఏ పాపమూ ప్రత్యేకంగా చూపబడకపోతే, లేని తప్పును తవ్వుకోకండి. తండ్రి మీద ఆనుకుని ఆ శ్రమను సహించండి.

4. ఆలస్యం కూడా ఒక బడి

శిక్షణ ఎప్పుడూ పాపం వెనుకే రాదు. ద్వితీయోపదేశకాండము 8:2-5లో మోషే అరణ్యంలోని 40 ఏళ్లను వెనక్కి తిరిగి చూస్తూ, దేవుడు వారిని అణచి, ఆకలిగొననిచ్చి, మన్నా తినిపించి, తండ్రి కుమారుణ్ణి శిక్షించినట్టు శిక్షించాడని చెబుతాడు. మన్నా తినిపించడం కూడా ఆ శిక్షలో భాగమే!

మన తెలుగు సంఘ చరిత్రలో దీనికి దగ్గరగా ఉన్న సంగతి ఒకటుంది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా ఫలం వేళ్ల మీద లెక్కపెట్టేంతే. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషన్‌ను మూసివేయాలా అనే చర్చ వచ్చింది. ఆ పరిస్థితిలో 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులోని కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో. అంటే ఆ ప్రార్థనకు, ఆ మనిషికి మధ్య 12 ఏళ్లు.

తరువాత 1876-78 మహా కరవు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని, కూలి దొరికేలా చేశాడు. ఆ కాలంలో ఎంతోమంది బాప్తిస్మం అడిగారు. తిండి కోసం ఎవరూ రాకూడదని ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా జనం రావడం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ కరవు ఎవరి పాపానికో శిక్ష అని నేను అనడం లేదు. అందులో చనిపోయినవారి గురించి అలా మాట్లాడే అధికారం మనకు లేదు. నేను చెప్పేది ఇంతే. "ఇప్పుడు కాదు" అనే మాటను ఆ విశ్వాసులు తిరస్కారంగా తీసుకోలేదు. ఇద్దరు పిల్లలు కాలేజీకి వచ్చినా గ్రీన్‌కార్డు వరుసలో ముందుకు కదలని కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. ఆ వరుస దేవుని శాపం కాదు. అయినా ఆ వరుసలో నిలబడి ఉండగా ఆయన మనలో ఏదో నేర్పకుండా ఊరుకోడు.

5. దావీదు ఎలా స్తుతించాడు?

ఇప్పుడు కష్టమైన భాగానికి వద్దాం. తప్పు స్పష్టంగా దావీదుదే. బత్షెబ విషయంలో పాపం చేశాడు, ఊరియాను చంపించాడు. నాతాను వచ్చి ఆ మనుష్యుడవు నీవే అన్నట్టుగా వేలు చూపించాడు. దావీదు ఒప్పుకున్నాడు. 2 సమూయేలు 12:13-14 వచనాలను వరుసగా చదవండి. ముందు క్షమాపణ ప్రకటించబడింది. ఆ తరువాతే ఫలితం చెప్పబడింది. రెండూ ఒకే ప్రవక్త నోట, ఒకే సంభాషణలో వచ్చాయి. క్షమించబడితే ఫలితాలు ఉండవనీ, ఫలితాలు ఉంటే క్షమించబడలేదనీ మనం అనుకుంటాం. ఈ రెండు లెక్కలూ తప్పే.

బిడ్డ జబ్బుపడ్డాడు. దావీదు ఉపవాసముండి నేల మీద పడి ప్రార్థించాడు. ఏడవ రోజున బిడ్డ చనిపోయాడు. ఆ వార్త చెప్పడానికి సేవకులు భయపడ్డారు. అయితే దావీదు నేల నుండి లేచి, స్నానం చేసి, తైలం పూసుకుని, బట్టలు మార్చుకుని, యెహోవా మందిరానికి వెళ్లి మ్రొక్కాడు (12:20). ఆ తరువాతే ఇంటికి వచ్చి భోజనం చేశాడు. భోజనం కంటే ముందు ఆరాధన.

తండ్రి చేసినదానికి ఆ బిడ్డ ఎందుకు? ఈ ప్రశ్న మీకు వస్తే రానివ్వండి. వాక్యం దీనికి వివరణ ఇవ్వలేదు. బిడ్డను పోగొట్టుకున్న ఏ తల్లిదండ్రుల మీదా ఈ వచనాన్ని మోపడానికి ఎవరికీ హక్కు లేదు, ఎందుకంటే వారి దగ్గరకు దేవుడు నాతానును పంపలేదు. దావీదు కూడా వివరణ ఇవ్వలేదు. తాను ఆ బిడ్డ దగ్గరకు వెళ్తానని మాత్రం చెప్పాడు (12:23).

ఆ కాలంలో పుట్టిన 51వ కీర్తనలో అతని స్తుతి ఎలా ఉందో చూడండి. తీర్పు తీర్చడంలో దేవుడే న్యాయవంతుడని ఒప్పుకుంటాడు (4వ వచనం). విరిగిన ఎముకలు మళ్లీ సంతోషించాలని కోరతాడు (8). రక్షణానందం తిరిగి ఇమ్మంటాడు (12). చివరికి తన పెదవులను ప్రభువే తెరవాలని అడుగుతాడు (15). అంటే పాడటానికి కూడా బలం లేదని ఒప్పుకోవడం స్తుతికి మొదటి మెట్టు.

ఈ అధ్యాయం ఇక్కడితో ఆగదు. సొలొమోను పుట్టినప్పుడు దేవుడు మళ్లీ నాతానునే పంపి, ఆ బిడ్డకు యెదీద్యా అని పేరు పెట్టించాడు. యెహోవాకు ప్రియుడు అని దాని భావం. గద్దింపు తెచ్చిన ఆ నోటితోనే ప్రేమ కబురు కూడా వచ్చింది.

ఒక మాట మరిచిపోకూడదు. ఊరియా తిరిగి రాలేదు. దేవుని ముందు మన స్తుతి, మనం గాయపరచినవారికి చెల్లించవలసిన బాకీని కొట్టివేయదు. భార్యకు చెప్పవలసిన క్షమాపణ ఉంటే, తిరిగి ఇవ్వవలసిన డబ్బు ఉంటే, పాట మధ్యలోనైనా ఆపి వెళ్లమని ప్రభువే మత్తయి 5:23-24లో నేర్పాడు.

6. ఇక్కడి నేల చెప్పే రెండు పాఠాలు

మన పక్కనే ఉన్న లేనియర్ సరస్సు 2007 కరవులో నిండు మట్టం కంటే సుమారు 20 అడుగులు కిందికి దిగింది. గెయిన్స్‌విల్ దగ్గర ఎప్పుడో మునిగిపోయిన పాత రేసు మైదానం మెట్లు అప్పుడు బయటపడ్డాయి. కరవు వాటిని కట్టలేదు, చూపించింది. జీతం, ఆరోగ్యం, మంచి పేరు నిండుగా ఉన్నప్పుడు మన హృదయంలో ఏముందో కనబడదు. నీరు తగ్గినప్పుడు కనబడినదాన్ని చూసి "దేవుడు నన్ను ఇలా చేశాడు" అనకండి. "ప్రభువా, దీన్ని చూపించినందుకు స్తోత్రం" అనండి.

రెండోది జార్జియాలో విరివిగా పెరిగే మస్కడైన్ ద్రాక్ష. చలికాలం చివర దాని తీగలను బాగా పొట్టిగా కత్తిరిస్తారు. కోసిన చోట రోజుల తరబడి నీరు కారుతుంది. చూస్తే తీగ ఏడుస్తున్నట్టే ఉంటుంది గానీ దానికి హాని ఉండదు. కత్తిరించకపోతే తీగలు అడవిలా అల్లుకుంటాయి, ఫలం తగ్గిపోతుంది. యోహాను 15:2లో తండ్రి ఫలించే తీగనే మరింత ఫలించాలని శుద్ధిచేస్తాడని ప్రభువు చెప్పాడు. మార్చిలో కారే నీటిని చూసి తోటమాలి ప్రేమను కొలవకండి, సెప్టెంబరు దాకా ఆగండి. హెబ్రీ 12:11 కూడా శిక్ష ప్రస్తుతానికి దుఃఖకరమేనని ఒప్పుకుంటుంది. "నొప్పి లేదు" అని నటించడం విశ్వాసం కాదు.

7. ఇంట్లో శిక్ష గురించి ఒక మాట

"తండ్రి శిక్షిస్తాడు" అనగానే కొందరికి తమ నాన్న బెల్టు గుర్తొస్తుంది. హెబ్రీ 12:10 ఈ తేడాను తానే చెబుతుంది. భూమి మీది తండ్రులు కొద్దికాలం తమకు తోచినట్టు శిక్షించారు. ఆయన మాత్రం మన మేలు కోసం, తన పరిశుద్ధతలో మనకు పాలు ఇవ్వడానికి శిక్షిస్తాడు. మీ నాన్నను చూసి పరలోకపు తండ్రిని ఊహించకండి. పరలోకపు తండ్రిని చూసి మీరు ఎలాంటి అమ్మానాన్నలు కావాలో నేర్చుకోండి. ఎఫెసీ 6:4లో పిల్లలకు కోపం రేపవద్దని చెప్పిన వెంటనే వచ్చేది కూడా ఈ పైదేయా అనే మాటే.

ఈ వాక్యాల చాటున భార్య మీద చెయ్యి ఎత్తేవాడు దేవుని పని చేయడం లేదు. అలాంటి ఇంట్లో ఉన్న సహోదరీ, "ఇది దేవుని శిక్ష, భరించాలి" అనుకోవద్దు. ప్రమాదంలో ఉంటే 911కు ఫోన్ చేయండి. నమ్మకమైన సంఘ పెద్దలకు, స్నేహితులకు చెప్పండి. సంఘం మీ పక్షాన నిలబడాలి.

8. ఈ వారం ఆచరణలో

ఒకటి, పేరు పెట్టి ఒప్పుకోండి. "నా పాపాలన్నీ" అనకుండా, ఆయన చూపించిన ఆ ఒక్కదాన్ని చెప్పండి.

రెండు, ఆయన స్వభావాన్ని బట్టి స్తుతించండి. విలాపవాక్యములు 3:33 ప్రకారం ఆయన మనుష్యులను ఇష్టంతో బాధించేవాడు కాడు. మీ పరిస్థితిని బట్టి స్తుతించలేకపోతే దీన్ని బట్టి స్తుతించండి.

మూడు, ఫలితాన్ని మోయండి. మీకా 7:9లో దేవుని ప్రజలు తమ పాపాన్ని ఒప్పుకుని, ఆయన తమ పక్షాన వాదించి వెలుగులోకి తెచ్చేవరకు సహిస్తామంటారు. తమను దిద్దేవాడే తమ వకీలు అని వారికి తెలుసు.

నాలుగు, ఒక్కరితోనైనా పంచుకోండి. యాకోబు 5:16 చెప్పినట్టు ఒకరితో ఒకరు ఒప్పుకుని ప్రార్థించుకోండి. విన్నవారు ఆ మాటను వాట్సాప్ గ్రూపులోకి మోయకూడదు. నోరు దాచుకునేవారు లేని చోట ఎవరూ ఒప్పుకోరు.

ఐదు, పాడండి. గొంతు పూడుకుపోతే పక్కవారి పాటలో నిలబడండి. ఆ రోజు మీ వంతు పాట సంఘం పాడుతుంది. మరో రోజు వారి కోసం మీరు పాడతారు.

గృహకూడికలో చర్చకు

1. హెబ్రీ 12:5లోని రెండు పొరపాట్లలో నేను ఎక్కువగా ఏ వైపు జారతాను?
2. శ్రమలో ఉన్న కుటుంబాన్ని దర్శించేటప్పుడు మనం ఏ మాటలు మానాలి, ఏ పనులు చేయాలి?
3. మన సాక్ష్యాల సమయంలో గద్దింపు గురించి కూడా భయం లేకుండా చెప్పాలంటే, వినేవారమైన మనలో ఏం మారాలి?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, మమ్మును కుమారులుగా, కుమార్తెలుగా ఎంచి దిద్దుతున్నందుకు మీకు స్తోత్రం. మా దండనను మీ కుమారుడు మోశాడని మరిచిపోకుండా మాకు సహాయం చేయండి. మీ చెయ్యి బరువుగా ఉన్న రోజున దాన్ని విదిలించుకోకుండా, దాని కింద కూలిపోకుండా, దాన్నే పట్టుకునే కృప దయచేయండి. మూతబడిన మా పెదవులను మీరే తెరవండి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.